నీలిరాయిలో దొరికిన మూడు కోరలు

మూడు రోజులపాటు నేను గొప్ప శాస్త్రవేత్తను. ఆదివారం ఉదయం ఆరాధన ముగిసిన దగ్గర్నుంచి మంగళవారం సాయంత్రం అయిదున్నర దాకా గోదావరికి అటూ ఇటూ నన్ను మించిన బుర్ర లేదు. అయిదూ ముప్పై అయిదుకి, అమలాపురంలో, మెడలో బంతిపూల దండ వాడకుండానే, ఆ పదవి ఊడిపోయింది. ఊడిన చప్పుడు లౌడ్‌స్పీకర్లో బస్టాండు దాకా వినపడిందని తరవాత చూసినవాళ్ళూ, చూడనివాళ్ళూ కూడా చెప్పేరు. ఆ చప్పుడు గురించే ఈ కథ. గుండె దిటవు లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. నాకైతే అప్పుడు ఆగే అవకాశం రాలేదు.

ఎనభైల మధ్య మాట ఇది. మాది రాజోలు దగ్గర చిన్న ఊరు. మా తాత పరుల చేలో కూలికెళ్ళిన మనిషి. ఆయన కొడుకు, అంటే మా నాన్నగారు, దేవదానం మాస్టారు, హైస్కూలు హెడ్మాస్టరు. ఆయన కూతుర్ని నేను, కరుణని, విశాఖపట్నం యూనివర్సిటీలో పరిశోధన విద్యార్థిని. మూడు తరాల్లో చేలోంచి ప్రయోగశాలకి ఎక్కేం కదా, మా నాన్నగారి గర్వం ఎంతటిదో నేను చెప్పలేను. ఆయన చెప్పగలరు. చెప్పేవారు కూడా. బస్సులో పక్క సీటాయనకి, రేవులో పడవ కోసం నిలబడ్డవాళ్ళకి, ఒకసారి చెప్పులు కుట్టించుకుంటూ కుట్టే ఆయనకి.

చిక్కల్లా నేను ఏం చదువుతున్నానో చెప్పడంలోనే వచ్చేది. నా పరిశోధన ఒక ఖనిజం మీద. దాని పేరు రింగ్‌వుడైట్. నాన్నగారు ఆ పేరు శుద్ధంగా పలికేవారు గానీ, ఆయన నోట్లోంచి బయల్దేరి పది గడపలు దాటేసరికి అది రంగూన్‌వుడ్డు అయిపోయేది. మా చినమావయ్యగారు ఏకంగా ఉత్తరమే రాసేరు. "అమ్మాయి రంగూన్ టేకు మీద పెద్ద చదువు చదువుతోందట. మన కొత్తింటి గుమ్మాలకి అది మేలా, మన పనసచెక్క మేలా, కనుక్కుని రాయగలరు."

అమ్మకి ఇంకో బాధ. నేను చేసే పనిని తెలుగులో 'శోషణ వర్ణపటం తీయడం' అంటారని ఒకసారి చెప్పేను.

"శోష రావడం ఎందుకే? అక్కడ హాస్టల్లో సరిగ్గా తినట్లేదా?"

"శోష కాదమ్మా, శోషణ. అంటే వెలుగుని మింగడం."

"వెలుగు మింగితే కడుపు నిండుతుందా? శోష రాక ఏవొస్తుంది?" అంది అమ్మ. ఆ రోజునించీ నేను ఇంటికొస్తే పూటకి రెండు గుడ్లు.

మీకు మాత్రం సరిగ్గా చెబుతాను. ఇది తెలియకపోతే నేను చేసిన ఘనకార్యం రుచి మీకు అందదు. మన కాళ్ళ కింద అయిదారు వందల కిలోమీటర్ల లోతున, పైనున్న భూమి బరువంతా మీద పడి నలిగే చోట, ఈ ఖనిజం ఉంటుందని శాస్త్రవేత్తల నమ్మకం. వెళ్ళి చూసొచ్చినవాడు లేడు. ఆకాశంలోంచి పడ్డ కొన్ని ఉల్కల్లో మాత్రం కనపడింది. జపాన్లో ఏనుగులాంటి ప్రెస్సుల్లో పెట్టి నొక్కి, తయారు కూడా చేసేవారు. చూడ్డానికి నీలంగా ఉంటుంది. అందులో ఇనుము ఉండి తెల్లటి వెలుగులో ఎరుపు భాగాన్ని మింగేస్తుంది, మనకి నీలం మిగులుతుంది. మా గైడ్ గారి అనుమానం ఏమిటంటే, ఆ రాయి తనలో హైడ్రోజన్ని కూడా దాచుకుంటుందని. హైడ్రోజన్ ఉందంటే, భూగర్భంలో రాళ్ళ ఎముకల్లో నీరు ఇంకి ఉన్నట్టే.

దాన్ని పట్టుకోవడం ఎలా? కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని రాయిగుండా పంపిస్తాం. అవతలికి ఏది వచ్చిందో కాదు, ఏది రాలేదో చూస్తాం. హైడ్రోజన్ ఉంటే తనకి నచ్చిన వెలుగుని అది మింగేసి ఉంటుంది. పెళ్ళి భోజనాలయ్యేక ఏ గంగాళం ఖాళీ అయిందో చూసి ఏ ఊరి చుట్టాలు వచ్చేరో చెప్పడంలాంటిదే. యంత్రంలో ఒక కలం కాగితం మీద గీత గీస్తూ పోతుంది. వెలుగు మాయమైన చోట గీత కిందికి దిగి గుంట పడుతుంది. ఏ అంకె దగ్గర గుంట పడిందో చూస్తే మింగినవాడెవడో దొరుకుతాడు.

మా గైడ్ సోమయాజులు గారు. మహా పండితులు. మూడేళ్ళలో ఆయన నవ్వగా నేను రెండుసార్లు చూసేను, అందులో ఒకటి తుమ్ము. ఎన్ని ఉత్తరాలు రాసేరో, ఎంతమందిని బతిమాలేరో, జపాన్‌నించి ఒకే ఒక్క స్ఫటికం తెప్పించేరు. రెండు వైపులా నున్నగా సానబట్టిన పలక అది. నువ్వుగింజలో పావు వంతు. మందుగొట్టంలాంటి చిన్న డబ్బీలో దూది మీద పడుకోబెట్టి పంపేరు. అది పోతే ఇంకోటి ఇవ్వరు.

ఒక సోమవారం ఆయన కాకినాడ వెళ్ళేరు, మేనకోడలి పెళ్ళి పనులకి. వెళ్తూ వెళ్తూ నాకు చెప్పేరు:

"కరుణా, మొదటి గీత నువ్వు తీసి ఉంచమ్మా. స్ఫటికాన్ని వేళ్ళతో ముట్టుకోకు. గాజుపుల్లకి బ్రష్షు వెంట్రుక అంటించి ఉంది, దాంతోనే ఎత్తు. ఎత్తేక అసిటోన్‌తో కడుగు. కడక్కుండా గీత తియ్యకు."

"అలాగేనండీ."

"నేను వచ్చేదాకా ఎవరికీ ఏమీ చెప్పకు."

"చెప్పనండీ."

పాఠకులు గమనించాలి. నాలుగు మాటలు చెప్పేరాయన. నాలుగూ తప్పేను. వరసలో కూడా తేడా రాలేదు.

బుధవారం గాజుపుల్ల నా చెయ్యి తగిలి కింద పడి విరిగింది. బ్రష్షు వెంట్రుక ఎగిరి ఏ లోకానికి పోయిందో దొరకలేదు. స్ఫటికాన్ని డబ్బీలోంచి తీసి ఇత్తడి రేకులో ఉన్న సూదిమొనంత బెజ్జం మీద కూర్చోబెట్టాలి. చిమటాతో పట్టుకుంటే పగులుతుందని భయం. వేలితో తాకి చూసేను, ఆ వేలు దాని ముందు కొబ్బరిమట్టంత కనపడింది. అప్పుడు నాకొక మెరుపులాంటి ఆలోచన తట్టింది. వెంట్రుకే కదా కావాలి? నడుం దాటిన జడ పెట్టుకుని వెంట్రుక కోసం వెతకడమేంటి? ఒకటి పీకేను. అగ్గిపుల్లకి దారంతో కట్టేను. కొసతో స్ఫటికాన్ని అలా తాకేనో లేదో, ఇలా అంటుకుంది! బ్రష్షు వెంట్రుకతో అయితే పది సార్లు జారేదే, నా వెంట్రుకకి చంటిపిల్ల తల్లి మెడని పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఎందుకు అంటుకుందో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ కథ లేదు. అంతకు ముందు ఆదివారమే ఇంటినించి బయల్దేరేను. బయల్దేరేముందు అమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి, మా ఇంటి కొబ్బరి ఆడించిన నూనె, చెంపల మీదకి కారేటట్టు పట్టించి మరీ జడ వేసింది.

ఇహ కడగడం. అసిటోన్ గిన్నె ముందు నిలబడి చూసేను. నువ్వుగింజలో పావు వంతు రాయి. అందులో జారిపోతే? ఆవిరయ్యేటప్పుడు ఎగిరిపోతే? జపాన్ వాళ్ళకి ఏం చెప్పాలి? 'శుభ్రంగానే ఉందిలే, జపాన్ వాళ్ళు కడక్కుండా పంపిస్తారా' అనుకుని, రేకుని యంత్రంలో పెట్టేసి మీట నొక్కేను.

కలం కదిలింది. మొదట, హైడ్రోజన్ ఉండాల్సిన చోట, వెడల్పాటి పల్లం పడింది. ఉంది! రాయిలో హైడ్రోజన్ ఉంది! అంతటితో లేచి, కాగితం చింపుకుని, హాస్టలుకి పోయి పడుకుని ఉంటే ఈపాటికి నా బతుకు వేరేగా ఉండేది. కలం ఆగలేదు. ఇంకాస్త ముందుకెళ్ళి, రెండువేల తొమ్మిదొందల అంకె దగ్గర, చటుక్కున రెండు కోరల్లాంటి గుంటలు దించింది. నేను కుర్చీలోంచి లేచేను. అంకెలు దిగుతూ ఇంకా ముందుకెళ్ళి, పదిహేడొందల నలభై దగ్గర, ఒంటి కోర ఒకటి. పాముకాటులా.

ఆ మూడు కోరలూ అక్కడ ఉండకూడదు. లైబ్రరీకి పరిగెత్తేను. పుస్తకంలో చూస్తే మొదటి రెండూ కర్బనానికి హైడ్రోజన్ అంటుకుని ఉంటే వచ్చేవి. అంటే? ప్రాణమున్నవాటిలో ఉండే సరుకు! మూడోదాని సంగతి ఇంకో అధ్యాయంలో ఉంది. ఆ అధ్యాయం దాకా చదివే ఓపిక నాకు లేకపోయింది. అయిదు వందల కిలోమీటర్ల లోతున, నిప్పుల కొలిమిలో, ప్రాణానికి మూలపదార్థం! ఎదురుగా లైబ్రేరియన్ గారు తలెత్తి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేరు. నా మొహం అంత పాలిపోయిందట. నిజంగానే శోష వచ్చినట్టయింది.

శనివారం ఆ కాగితం చుట్ట చంకలో పెట్టుకుని ఇంట్లో దిగేను. ఎవరికీ చెప్పకూడదు కదా. నాన్నగారికి మాత్రం చెప్పేను. నాన్నగారు ఎవరికీ చెప్పకుండా అమ్మకి చెప్పేరు. అమ్మ ఎవరికీ చెప్పకుండా అయ్యగారికి, అంటే మా గుడి పాస్టరుగారికి, చెప్పి ప్రార్థన చెయ్యమంది. ఆదివారం ఉదయం ఆరాధన చివర ఆయన చేతులెత్తి, "మన దేవదానం మాస్టారి కుమార్తె భూమి పునాదులలో జీవమును కనుగొన్నది!" అని ప్రకటించేరు. సంఘమంతా "హల్లెలూయా" అంది. నేను కూడా అన్నాను, ఎందుకబద్ధం.

సోమవారం నాన్నగారి పాత విద్యార్థులు నలుగురు అమలాపురంనించి వచ్చేరు.

"మాస్టారూ, అమ్మాయిగారికి రేపు సన్మానమండీ. హాలు మాట్లాడేసేం."

"రేపేనా? గైడ్ గారు ఊళ్ళో లేరండీ," అన్నాను.

"ఆయనకి మళ్ళీ చేద్దామండీ, ఆయ్. పత్రికాయన కూడా వచ్చేరు, మీరు నాలుగు ముక్కలు చెప్తే చాలు."

ఆలు లేదు, చూలు లేదు, కొడుక్కి సన్మానమట. చెప్పాల్సిన మాట అదీ. నేను చెప్పింది, "నల్లంచు చీర కట్టుకోనా, పచ్చది కట్టుకోనా నాన్నగారూ?"

మంగళవారం సాయంత్రానికి హాలు నిండిపోయింది. చెప్పొద్దూ, గుమ్మంలో కూడా నిలబడ్డారు. అధ్యక్షులు ఒక రిటైరైన తాసీల్దారు గారు. ఆయన లేచి, "రంగూన్‌వుడ్డు మీద పరిశోధన చేసి కోనసీమకి పేరు తెచ్చిన కుమారి కరుణ గారు..." అని మొదలుపెట్టేరు. నాన్నగారు ఆయన పంచె అంచు పట్టుకుని లాగి, "రింగ్‌వుడైటండీ" అన్నారు. "అదేనండీ, ఆ కర్రే," అన్నారాయన.

నా మెడలో దండ పడింది. నేను లేచేను. గీత ఉన్న కాగితాన్ని గోడకి గుండుసూదులతో గుచ్చేరు. నేను కర్రతో చూపిస్తూ చెప్పేను. వెలుగు, మింగడం, గంగాళాలు, చుట్టాలు, అన్నీ చెప్పేను. చివరికి కోరల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "ఈ మూడు గుంటలూ ఇంతవరకూ ఏ శాస్త్రవేత్తా ఈ రాయిలో చూడలేదు" అన్నాను. అది మాత్రం పచ్చి నిజం. చప్పట్లు. మా అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ముందు వరసలోంచి ఒకావిడ లేచేరు. అన్నపూర్ణ మేడమ్ గారు. అమలాపురం కాలేజీలో నాకు డిగ్రీలో కెమిస్ట్రీ చెప్పిన మనిషి. సన్నగా, తెల్లటి నేతచీరలో, చేతిలో గొడుగు. ఆవిడ ఎవరి మనసూ నొప్పించరు. తప్పు చేసిన పిల్లని కూడా పక్కకి పిలిచి చెవిలోనే చెప్పే అలవాటు. ఆ అలవాటే నా కొంప ముంచింది.

వేదికెక్కి కాగితం దగ్గరికి వెళ్ళి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఒంటి కోర దగ్గర ముక్కు ఆనించి చూసేరు. తరవాత జంట కోరలు చూసేరు. తరవాత తిరిగి నా వైపు చూసేరు. నా మొహం కాదు, భుజం మీంచి ముందుకి వేసుకున్న నా జడ. ఆవిడ కళ్ళు జడ మొదలునించి రిబ్బను దాకా నెమ్మదిగా దిగేయి. దగ్గరికి వచ్చి, నా పరువు కాపాడ్డానికి, నా చెవి దగ్గర వంగి, చాలా మెల్లిగా అడిగేరు. ఆ మెల్లిగా అడిగిన నోటికీ నా చెవికీ మధ్య ఉన్నది మైకు.

"కరుణా, తలకి ఏం రాసుకుంటావమ్మా?"

'రాసుకుంటావమ్మా... మ్మా...' అంది హాలు పైకప్పు.

"కొబ్బరినూనెండీ," అన్నాను. 'నూనెండీ... ండీ...'

"ఆ స్ఫటికాన్ని దేంతో ఎత్తేవు?"

"వెంట్రుకతోనండీ."

"ఎవరిది?"

"నాదేనండీ."

"కడిగేవా తల్లీ?"

నేను గోడ మీది కాగితం వంక చూసేను. హాల్లో ఎవరో పిల్లని ఊరుకోబెడుతున్నవాళ్ళు కూడా ఊరుకోబెట్టడం ఆపేరు.

"ఈ రెండూ నూనెలో ఉండే కొవ్వు గొలుసులవమ్మా. ఈ మూడోది ఆ గొలుసుల్ని కట్టి ఉంచే ఎస్టర్‌ది. సెకండియర్లో చెప్పేను, ఆ రోజు నువ్వు రాలేదేమో. ఇది భూగర్భం కాదు కరుణా. మీ అమ్మగారి సీసా."

కొండని తవ్వి ఎలకని పట్టిన వాళ్ళ గురించి విన్నాను. భూగోళాన్ని తవ్వి నూనెసీసాని పట్టినదాన్ని నేనొక్కదాన్నే. ఒక్కసారిగా నా కాళ్ళకింద అయిదు వందల కిలోమీటర్లూ ఖాళీ అయిపోయినట్టయింది. మైకు కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. మూడొందల మొహాలు నా జడ వంకే చూస్తున్నాయి. దాన్ని వెనక్కి వేసుకుందామన్నా చెయ్యి లేవలేదు.

అంతలో వెనక వరసలోంచి ఒకాయన లేచేరు. నూనె మిల్లు వీర్రాజు గారట.

"మాకు సరిగ్గా వినపళ్ళేదండీ. అయితే అయిదొందల కిలోమీటర్ల లోతులో కొబ్బరినూనె ఉన్నట్టాండీ?"

"లేదండీ! లేదు!" అన్నాను.

"మరి ఆ కాగితం మీద పడిందన్నారు?"

"పడిందండీ, కానీ..."

"ఆయ్, చాలండీ," అని ఆయన తృప్తిగా కూర్చున్నారు.

నాకు అంతకన్నా ఘోరం ఇక జరగదనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నాను. గుమ్మంలో జనం పక్కకి తప్పుకుంటున్నారు. మధ్యలోంచి ఒక మనిషి వస్తున్నారు. మోకాళ్ళ దాకా తడిసిన ప్యాంటు, చేతిలో చెప్పులు, చంకలో మడిచిన పేపరు. సోమయాజులు గారు! కాకినాడలో పెళ్ళివారింట్లో మధ్యాహ్నం కాఫీ తాగుతూ పేపరు తెరిస్తే, 'భూగర్భంలో ప్రాణం: కోనసీమ యువతి పరిశోధన' అని నా ఫోటోతో, సాయంత్రం సన్మానం కబురుతో సహా ఉందట. కాఫీ అక్కడే వదిలేసి, యానాం దగ్గర పంటు ఎక్కి, అవతల రేవులో బల్ల జారి నీళ్ళలో దిగి, అలాగే వచ్చేసేరు.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. గోడ మీద గీతని నిలబడి చూసేరు. నా వైపు తిరిగి ఒక్క మాట అడిగేరు.

"కడిగేవా?"

"లేదండీ."

"స్ఫటికం ల్యాబులో ఉందా?"

చెప్పక తప్పలేదు. "ఇక్కడుందండీ. నా చేతిసంచీలో. సభలో చూపిద్దామని..."

ఆయన మొహంలో రక్తం చుక్క లేకుండా పోవడం నేను కళ్ళారా చూసేను. అన్నపూర్ణ మేడమ్ గారు చటుక్కున కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోబెట్టేరు. నేను సంచీలోంచి డబ్బీ తీసి ఇచ్చేను. ఆయన మూత తీసి దూది మీదకి వంగేరు.

దూది మీద ఏమీ లేదు.

"ఎంతమంది చూసేరు దీన్ని?"

నాన్నగారు లేచి నిలబడ్డారు. ఆయన గొంతు నాకు ఎప్పుడూ అంత చిన్నగా వినపడలేదు. "నేనండీ. పొద్దున్న మా బడిలో టీచర్లకి చూపించేను. ఊదకండి ఊదకండి అని చెబుతూనే చూపించేను."

ఆ క్షణంలో నా లోపల ఏం జరిగిందో నవ్వుతూ రాయడం ఇప్పటికీ కష్టమే. జపాన్ వాళ్ళు నమ్మి ఇచ్చిన రాయి. మా గైడ్ గారి పరువు. నా మూడేళ్ళ చదువు. కూలికెళ్ళిన తాత, హెడ్మాస్టరైన కొడుకు, ఇంతా చేసి నువ్వుగింజలో పావు వంతు దగ్గర బోర్లా పడ్డ మనవరాలు. ఏడుపు కూడా రాలేదు.

అన్నపూర్ణ మేడమ్ గారు మాత్రం డబ్బీని వదిలి మూత అందుకున్నారు. కిటికీ వెలుగులోకి తిప్పి, కళ్ళద్దాలు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"సోమయాజులు గారూ, ఇలా చూడండి. మూత లోపల. నీలంగా."

ఆయన చూసేరు. నేనూ చూసేను. మూత లోపలి గోడకి, సన్నటి నూనె జిగురు మీద, వర్షాకాలంలో గోడకి అంటుకున్న పురుగులా, నా స్ఫటికం హాయిగా అంటుకుని ఉంది. మధ్యాహ్నం మేం వచ్చిన బస్సు కుదుపుల్లో ఎగిరి మూతకి తగిలి, అక్కడే ఉండిపోయింది. కడిగి ఉంటే జారి ఏ టీచరుగారి ఊపిరికో ఎగిరిపోయేదే.

"నూనె కాపాడింది," అన్నారు సోమయాజులు గారు, తనలో తను. ఆ మాట చెప్పడం ఆయనకి ఎంత బాధగా ఉందో ఆయన మొహమే చెప్పింది.

అప్పుడు నాన్నగారు మైకు దగ్గరికి వచ్చేరు. ఆయన చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

"అందరూ క్షమించాలి," అన్నారు. "తొందరపడ్డది మా అమ్మాయి ఒక్కత్తే కాదు. ముందు తొందరపడ్డవాణ్ణి నేను. మా బడిలో తప్పు చేసిన పిల్లాడు తప్పుని నలుగురి ముందూ ఒప్పుకుంటే చప్పట్లు కొట్టమంటాను. ఇవాళ మా అమ్మాయి ఏం దాచలేదు. అడిగినవన్నీ చెప్పింది. మైకులో చెప్పింది."

ఎవరో ఇద్దరు చప్పట్లు కొట్టేరు. తరవాత హాలంతా కొట్టింది. దేనికి కొడుతున్నారో సగం మందికి తెలీదు. తాసీల్దారు గారి చేతిలో శాలువా ఉంది. ఎవరికి కప్పాలో ఆయనకి పాలుపోలేదు. నా వంక చూసేరు, సందేహించేరు. "కొన్న శాలువా వాపసు తీసుకోరు కదండీ," అని చివరికి దగ్గర్లో ఉన్న సోమయాజులు గారికి కప్పేసేరు. తడిసిన ప్యాంటుతో చలికి వణుకుతున్న మనిషి, పాపం, రెండు చేతులా దగ్గరికి లాక్కున్నారు.

ఇక మిగిలింది ప్రయోగశాలలో జరిగింది. గురువారం పొద్దున్న ఆయన నాచేత మొదట చేయించిన పని ఏమిటో చెబుతాను. అమ్మ సీసాలోంచి తెప్పించిన నూనె ఒక్క బొట్టు, ఇన్‌ఫ్రారెడ్ వెలుగుని మింగని ఉప్పుపలక మీద రాసి, యంత్రంలో పెట్టమన్నారు. కలం కదిలింది. రెండువేల తొమ్మిదొందల దగ్గర జంట కోరలు. పదిహేడొందల నలభై దగ్గర ఒంటి కోర. పాత గీత మీద కొత్త గీత పెట్టి కిటికీకి ఆనించి చూస్తే, కవల పిల్లలే. నాకు చెవుల దాకా వేడెక్కింది.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు," అన్నారాయన. "నువ్వు తొక్కేవు. ఇప్పుడు కడుగు."

కడిగేను. అసిటోన్లో మూడుసార్లు, ఆయన పక్కనే నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తుండగా. స్ఫటికం ఎగిరిపోలేదు, జారిపోలేదు. నేను భయపడ్డవేవీ జరగలేదు. కొత్త బ్రష్షు వెంట్రుకతో ఎత్తి, బెజ్జం మీద కూర్చోబెట్టి, మీట నొక్కేను. ఈసారి కళ్ళు మూసుకున్నాను. కలం గీసే చప్పుడు మాత్రం వినపడుతోంది. గురువుగారు మాట్లాడరే? కళ్ళు తెరిచేను.

కోరలు లేవు. మూడింట్లో ఒక్కటీ లేదు. కానీ మొదట్లో, ఉండాల్సిన చోట, ఆ వెడల్పాటి పల్లం, లోతు కాస్త తగ్గినా, నిలిచి ఉంది. నూనెతో పోలేదు. కడిగితే పోలేదు. అది రాయి ఎముకల్లోదే. హైడ్రోజన్.

"ఇది చాలు కదమ్మా," అన్నారు సోమయాజులు గారు. "ఇంత పెద్ద సంగతి చేతిలో పెట్టుకుని, నూనె గురించి పేపర్లో వేయించుకున్నావే!" అని నవ్వేరు. తుమ్ము కాదు. నేను దగ్గరగా చూసేను.

చిన్న వ్యాసం వచ్చింది, రెండో పేరు నాది. కోనసీమలో దాని గురించి ఎవరూ సన్మానం చెయ్యలేదు, నేనూ చెప్పలేదు. కథ అంతటితో ముగిసిందనే అనుకున్నాను. రెండు నెలలు పోయేక ఇంటికి వెళ్తూ, రావులపాలెంలో బస్సు మారి, కొత్తపేట దాటి, అమలాపురంలో దిగబోతున్నాను. కిటికీలోంచి ఎదురుగా ఒక గోడ. గోడ నిండా కొత్త రంగు. నీలం రాయి చేత్తో పట్టుకున్న ఒక అమ్మాయి బొమ్మ, మోకాళ్ళ దాకా జడ. కింద బారెడు అక్షరాలు:

'భూమి లోపల అయిదు వందల కిలోమీటర్ల లోతులోనూ దొరికిన ఏకైక నూనె. సైన్సు పరీక్షలో నిరూపణ. వీర్రాజు కొబ్బరినూనె వాడండి.'

బస్సులో సంచీ మరిచిపోయి దిగేను. నేరుగా మిల్లుకి వెళ్ళేను. వీర్రాజు గారు లేచి కుర్చీ వేసేరు, కొబ్బరిబొండం కొట్టించేరు.

"ఏమిటండీ ఆ గోడ మీద రాత?" అన్నాను.

"ఆయ్, తప్పేం రాసేమండీ? దొరికిందా లేదా?"

"దొరికింది నా జడ నూనెండీ! భూమిది కాదు!"

"అదీ ఇదీ ఒకటే రకం గీత పడిందన్నారు కదండీ?"

"పడింది, కానీ..."

"మరదే కదండీ నిరూపణంటే," అన్నారాయన ఎంతో మర్యాదగా. "మీరు పెద్ద చదువులు చదివేరు, మీకు తెలియందేవుంది. బొమ్మలో జడ కొంచెం పొడుగు వేసేడు మావాడు, అదొక్కటే పొరపాటు. కోయించమంటారా?"

కోయించమని చెప్పేను. మర్నాడు చూస్తే నిజంగానే భుజాల దాకా కోయించేరు. రాతలో మాత్రం అక్షరం చెరపలేదు.

ఆ గోడ ఎదురుగా, బస్టాండులో, వేరుశనక్కాయలమ్మే ఆవిడ సాక్షిగా, కుడిచెయ్యి ఎత్తి, ఎడమచేత్తో నా జడ గట్టిగా పట్టుకుని ప్రమాణం చేసేను: ఇక ఈ జన్మలో కడగని రాయిని నమ్మను, రెండో అధ్యాయం చదవకుండా లైబ్రరీ వదలను, అన్నపూర్ణ మేడమ్ గారు చెవిలో ఏదైనా చెప్పబోతే ముందు మైకు తీగ పీకేస్తాను, ముఖ్యంగా, నాకేం దొరికినా, కోనసీమలో నూనె మిల్లు ఉన్నవాళ్ళు కూర్చున్న సభలో దాని పేరెత్తను.

ఈ ప్రమాణం ఇంతవరకూ తప్పలేదు. వేరుశనక్కాయలావిడ మాత్రం గోడ వంకా నా వంకా మార్చి మార్చి చూసి, "ఆ బొమ్మలో అమ్మాయి మీరేనాండీ? నూనె బాగుంటుందాండీ?" అని అడిగింది.

"బాగుంటుందండీ," అన్నాను. "అంటుకుంటే ఒక పట్టాన వదలదు."